మనసులో బొమ్మ

 ఈ ఉపన్యాసానికి తన పేరు పెట్టవద్దని మాస్టారు బతికుండగానే చెప్పారు. కుటుంబం ఆ మాట నిలబెట్టింది. ఆహ్వానపత్రంలో ‘మాస్టారి స్మారకోపన్యాసం’ అని మాత్రమే ఉంది. నేనూ ఆ పేరు ఎత్తను. కుమ్హారిలో మాస్టారంటే ఎవరో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

భిలాయి ఉక్కు కర్మాగారం కోసం 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించారు. ఆ వెనకే దేశం నలుమూలల నుంచీ జనం వచ్చిపడ్డారు. అలా శ్రీకాకుళం నుంచి ఒక ట్రంకు పెట్టెతో వచ్చి దుర్గ్ స్టేషన్‌లో దిగినవారిలో మాస్టారు ఒకరు. క్రేన్ నడపడం నేర్చుకున్నారు, నడిపారు, తర్వాత ఇరవై ఏళ్లకు పైగా కొత్తవాళ్లకు నేర్పారు. రిటైరయ్యాక ఖారూన్ నదికి ఈ ఒడ్డున ఇల్లు కట్టుకున్నారు. మా నాన్న ఆయన దగ్గర పని నేర్చుకున్న మనిషి. నేను మాత్రం క్రేన్ ఎక్కలేదు. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌నయ్యాను. చివరి కొన్నేళ్లు ఆ పని నేర్పి రిటైరయ్యాను. క్రేన్ నేర్పిన మనిషి జ్ఞాపకార్థం విమానాల గురించి మాట్లాడటమేమిటని నిర్వాహకుల్లో ఒకరికి సందేహం వచ్చింది. న్యాయమైన సందేహమే. మాస్టారు పని నేర్పిన తీరుతోనే మొదలుపెడతాను.

మెల్టింగ్ షాపులో క్రేన్ క్యాబిన్ చాలా ఎత్తున ఉంటుంది. కింద కరిగిన ఉక్కుతో నిండిన లాడిల్. పైనున్నవాడి కళ్లకు పొగ, మంట, మిరుమిట్లు. కొక్కెం సరిగ్గా పట్టిందో లేదో అతనికి పూర్తిగా కనబడదు. కింద నిలబడ్డ సిగ్నల్‌మన్ చెయ్యే అతనికి కన్ను. చెయ్యి పైకెత్తి చూపుడువేలు గుండ్రంగా తిప్పితే ఎత్తమని. చెయ్యి కిందికి దించి అలాగే తిప్పితే దించమని. చెయ్యి పక్కకు చాచి అరచెయ్యి నేలవైపు పెడితే ఆపమని. మాస్టారు కొత్తవాణ్ణి క్యాబిన్ ఎక్కించే ముందు నెల రోజులు కింద నిలబెట్టి సిగ్నల్ ఇప్పించేవారట. మధ్యమధ్య హఠాత్తుగా పరీక్ష పెట్టేవారు. “వెనక్కి తిరుగు. లాడిల్ ఎక్కడుంది? కొక్కెం ఎక్కడుంది? పైనున్నవాడు ఇప్పుడు దేన్ని చూస్తున్నాడు?” చూడకుండా చెప్పగలిగినవాడు నిచ్చెన ఎక్కేవాడు. చెప్పలేనివాడికి ఇంకో నెల.

కంట్రోలర్లు ‘పిక్చర్’ అనే మాట వాడతారు. షిఫ్ట్ మారేటప్పుడు వచ్చినవాడు వెంటనే కుర్చీలో కూర్చోడు. ఉన్నవాడి వెనక నిలబడి కొన్ని నిమిషాలు వింటాడు, చూస్తాడు. ఏ విమానం ఏ ఎత్తులో ఉంది, ఏది దిగుతోంది, ఏది ఎక్కుతోంది, మరో నాలుగు నిమిషాల్లో ఏది దేనికి అడ్డు వస్తుంది, ఇవన్నీ మనసులో కుదురుకున్నాక “పిక్చర్ వచ్చింది” అంటాడు. అప్పుడు కుర్చీ చేతులు మారుతుంది. “పిక్చర్ పోయింది” అన్నది మా వాళ్లు నోటితో అనడానికి కూడా ఇష్టపడని మాట. ఆ బొమ్మ రాడార్ తెర మీద ఉండదు, టవర్ అద్దాల్లో ఉండదు. మనసులో ఉంటుంది. వెనక్కి తిరిగి చెప్పమని మాస్టారు అడిగింది దాన్నే.

ఇవాళ ఈ శిక్షణలోకి చుట్టూ మూడు వందల అరవై డిగ్రీల తెరలు వచ్చాయి. తలకు తగిలించుకునే వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్లు వచ్చాయి. మనిషిని ఇంకో లోకంలో ముంచేసే సాంకేతికత అది. దాన్ని మనస్ఫూర్తిగా స్వాగతించేవాళ్లలో నేనొకణ్ణి. కానీ ఆ యంత్రాన్ని అమ్మేవాళ్లు చెప్పే గొప్ప ఒకటి, దాని అసలు గొప్ప మరొకటి. అది ఎంత అచ్చమైన విమానాశ్రయాన్ని కళ్లకు కడుతుందో వాళ్లు చెబుతారు. శిక్షణార్థి మనసులో బొమ్మను అది ఎన్నిసార్లు చెదరగొట్టి మళ్లీ కట్టిస్తుందో మనం అడగాలి. చెదరగొట్టడానికి కావలసిన సరుకు కంప్యూటర్‌లో పుట్టదు. పని చేసినవాళ్ల జ్ఞాపకాల్లో ఉంటుంది.

చరిత్రను కొంచెం తడమాలి. లండన్ దగ్గర క్రాయ్‌డన్ విమానాశ్రయంలో 1920లో మొదటి కంట్రోల్ టవర్ వెలిసింది. 1929 ప్రాంతంలో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఆర్చీ లీగ్ అనే ఆయన ఒక తోపుడుబండిలో కుర్చీ, గొడుగు, మంచినీళ్లు, మధ్యాహ్న భోజనం, రెండు జెండాలు వేసుకుని రన్‌వే చివరకు వెళ్లేవాడు. గళ్ల జెండా ఊపితే వెళ్లవచ్చు, ఎర్ర జెండా ఊపితే ఆగాలి. మెల్టింగ్ షాపులో సిగ్నల్‌మన్ చేసే పనికి అది స్వయానా అన్న. తర్వాత రేడియో వచ్చింది, యుద్ధకాలంలో రాడార్ వచ్చింది. జెండా పోయి మాట మిగిలింది.

పని ఇంత త్వరగా మారినా, నేర్పే పద్ధతి చాలాకాలం గురువు పక్కన కూర్చోబెట్టడంతోనే ఆగింది. పైలట్ల విషయంలో ముందడుగు పడింది. పియానోలు, ఆర్గన్లు తయారుచేసే కుటుంబంలో పుట్టిన ఎడ్విన్ లింక్ ఆర్గన్ తిత్తులతోనే కదిలే ఒక కృత్రిమ కాక్‌పిట్‌ను 1929లో తయారుచేశాడు. మొదట్లో దాన్ని జాతర బొమ్మగానే చూశారు. 1934లో అమెరికా సైన్యం టపా విమానాలు నడిపే బాధ్యత తలకెత్తుకుని, వరసగా పైలట్లను పోగొట్టుకున్నాక గానీ ఆ యంత్రాలు ఆరింటిని కొనలేదు. ప్రాణాలు పోయాక శిక్షణకు డబ్బు మంజూరవడం మన దేశపు జబ్బు మాత్రమే కాదని చెప్పడానికి ఈ సంగతి ఎత్తాను.

కంట్రోలర్లకు సిమ్యులేటర్లు తర్వాత వచ్చాయి. నకిలీ రాడార్ తెర మీద నకిలీ చుక్కలు కదులుతుంటాయి. పక్క గదిలో కొందరు మైకు పట్టుకుని పైలట్ల గొంతులో జవాబు చెబుతుంటారు. మేము వాళ్లను సూడో పైలట్లు అంటాం. ఒకే మనిషి నాలుగైదు విమానాలకు గొంతు అరువిస్తాడు. 1968లో ఐవన్ సదర్‌ల్యాండ్ తలకు తగిలించుకునే మొదటి తెరను తయారుచేశాడు. అది ఎంత బరువంటే పైకప్పు నుంచి వేలాడదీయాల్సి వచ్చింది. 1999లో నాసా తన ఏమ్స్ కేంద్రంలో నిజమైన టవర్ పరిమాణంలో, చుట్టూ తెరలతో సిమ్యులేటర్ కట్టింది. అప్పట్లో అందుకు పెద్ద భవనమే కావాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ దృశ్యం బల్ల మీద పెట్టే హెడ్‌సెట్‌లో ఇమిడిపోతోంది. చిన్న ఊళ్ల శిక్షణ కేంద్రాలకు ఇది నిజమైన వరం. పొగమంచు కమ్మిన ఉదయాన్ని, కళ్లలో పొడిచే సాయంత్రపు ఎండను, వర్షంలో రన్‌వే దీపాలు ఒకదాన్నొకటి మింగేసే రాత్రిని ఋతువు కోసం ఎదురుచూడకుండా శిక్షణార్థి ముందు పెట్టవచ్చు. తప్పు చేసినా ఎవరూ చావరు. అదే తప్పును పదిసార్లు చేయించవచ్చు.

ఇక్కడ ఒక సోవియట్ మనస్తత్వవేత్తను తలుచుకోవాలి. భిలాయివాళ్ల సభలో అది సముచితం కూడా. ద్మీత్రి ఒశానిన్ అనే ఆయన యంత్రాలను అదుపుచేసే మనుషుల మనసుల్లో ఏ బొమ్మ ఉంటుందని 1960ల్లో పరిశోధించాడు. వైద్యులతో ఆయన చేసిన ప్రయోగం ఒకటి ప్రసిద్ధం. రోగి గొంతు దగ్గరి థైరాయిడ్ గ్రంథిని చేత్తో తడిమి చూసి, తమకు తెలిసిన ఆకారాన్ని మెత్తని ముద్దతో చేసి చూపమన్నాడు. అనుభవం లేనివాళ్లు చేసిన బొమ్మ శరీర నిర్మాణశాస్త్ర పుస్తకంలోని బొమ్మకు దగ్గరగా వచ్చింది. ఆరితేరినవాళ్లు చేసినది వంకరటింకరగా వచ్చింది. జబ్బు ఉన్నచోట ఉబ్బి, లేనిచోట కుంచించుకుపోయింది. పనికి కావలసినదాన్ని పెద్దది చేసి, అక్కర్లేనిదాన్ని వదిలేసిన బొమ్మ అది. దాన్ని ఆయన ఆపరేటివ్ ఇమేజ్ అన్నాడు. నేను తెలుగులో పనిబొమ్మ అంటాను.

కుమ్హారి అనే ఈ ఊరి పేరులోనే మట్టి పని ఉంది. ఇక్కడివాళ్ల కుమ్హార్, మన కుమ్మరి ఒకే మాట నుంచి వచ్చిన అన్నదమ్ములు. కుమ్మరికి కుండ పూర్తిగా కనబడాల్సిన పని లేదు. అంచు ఎక్కడ పలచబడుతోందో వేలి కొసకు తెలియాలి. కంట్రోలర్ మనసులోని ఆకాశం కూడా ఫొటో లాంటిది కాదు. నలభై మైళ్ల దూరంలో ఒంటరిగా పోయే విమానం దానిలో చీమంత. ఒకే దారిలో ఎదురెదురుగా వచ్చే రెండు విమానాలు కొండంత. మేఘాల అందం అందులో లేదు. విమానం రంగు లేదు. హెడ్‌సెట్‌లో మేఘాలను ఎంత అందంగా చెక్కినా, శిక్షణార్థి మనసులో ఆ ఉబ్బు, ఆ కుదింపు జరగకపోతే అతను చూసింది సినిమా.

1996 నవంబర్ 12 సాయంత్రం హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద జరిగింది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఢిల్లీ నుంచి ఎక్కుతున్న సౌదీ విమానానికి 14,000 అడుగుల వరకు అనుమతి. దిగుతున్న కజకిస్తాన్ విమానానికి 15,000 అడుగుల వరకు అనుమతి. మధ్య వెయ్యి అడుగుల ఎడం. ఎదురుగా విమానం వస్తోందని కంట్రోలర్ కజక్ సిబ్బందికి చెప్పాడు. కజక్ విమానం 15,000 దగ్గర ఆగకుండా ఇంకా దిగింది. రెండూ ఢీకొని 349 మంది చనిపోయారు. విచారణ జరిపిన జస్టిస్ లహోటీ కమిషన్ కజక్ సిబ్బంది తమకిచ్చిన ఎత్తును దాటి కిందికి దిగడాన్నే కారణంగా తేల్చింది. ఆనాడు కంట్రోలర్ ముందున్న రాడార్‌లో విమానం ఎక్కడుందో కనబడేది. ఏ ఎత్తులో ఉందో కనబడేది కాదు. ఎత్తు అతను విమానం వివరాలు రాసుకునే కాగితపు స్ట్రిప్ మీద, అతని మనసులో ఉంది. ఆకాశంలో మాత్రం వేరేగా ఉంది. తర్వాత మన దేశంలో విమానాలు పరస్పరం హెచ్చరించుకునే టీకాస్ పరికరం తప్పనిసరి అయింది. కొత్త రాడార్లు వచ్చాయి. మంచిదే. కానీ ఆ సాయంత్రాన్ని శిక్షణలో తిరిగి సృష్టించాలంటే మేఘాల కన్నా ముందు కావలసింది గొంతు. ఇంగ్లీషులో తడబడే, సగం విని “రోజర్” అనేసే గొంతు. పౌర విమానయానంలో ఇంగ్లీషు ప్రావీణ్యానికి నాలుగో స్థాయి కనీస ప్రమాణంగా 2008లో అమల్లోకి వచ్చింది. ప్రమాణం పరీక్షలో నెగ్గిన గొంతు కూడా అలిసిపోయినప్పుడు తడబడుతుంది.

అందుకే సూడో పైలట్లను తీసేసి, మాటను గుర్తుపట్టే కంప్యూటర్‌ను పెట్టాలన్న ఆలోచన మీద నాకు అనుమానం. డబ్బు ఆదా అవుతుంది. కంప్యూటర్ అలసిపోదు, విసుక్కోదు. ఆ రెండూ చేయని పైలట్‌ను మాత్రం నేను ఉద్యోగంలో ఎన్నడూ వినలేదు. లోతు కనబడేలా ఆకాశాన్ని మూడు కొలతల్లో చూపే రాడార్ల మీదా నాకు పెద్ద మోజు లేదు. అలాంటి దృశ్యంలో కచ్చితమైన ఎత్తునూ దూరాన్నీ అంచనా కట్టడం మనిషికి కష్టమని పరిశోధకులు ఎప్పుడో తేల్చారు. చీకటి గదిలో బల్లపరుపు తెర ముందు కూర్చుని, దూరంగా దారిలో ఉన్న విమానాలను చూసుకునే ఏరియా కంట్రోలర్‌కు ఇద్దరు పక్కవాళ్లు, ఒక ఫోను, ఒక స్ట్రిప్ బోర్డు చాలు. హెడ్‌సెట్ ఎక్కువగా ఉపయోగపడేది టవర్‌లోనే. అక్కడ మెడ తిప్పడం కూడా పనిలో భాగం.

ఇక నా సొంత సంగతి ఒకటి. ఏ విమానాశ్రయమో చెప్పను. అప్పటికి నేను టవర్‌లో పర్యవేక్షణ కింద పని నేర్చుకుంటున్నాను. సాయంత్రం రన్‌వే తనిఖీకి జీపు వెళ్లింది. రన్‌వే మీదికి వాహనం వెళ్లగానే ఎర్ర స్ట్రిప్ ఒకటి బోర్డులో రన్‌వే గడి మీద పెట్టాలి. ఆ గడిలో ఎరుపు ఉన్నంతసేపు నోటి నుంచి ల్యాండింగ్ అనుమతి రాకూడదు. స్ట్రిప్ చేతిలోకి తీసుకున్నాను. అంతలో ఫోను మోగింది. మాట్లాడుతూ స్ట్రిప్‌ను ఫోను పక్కన పెట్టాను. పెట్టేసి మరిచిపోయాను. వచ్చే విమానం నాలుగు మైళ్ల దూరంలో ఉంది. ఎదురుగా అస్తమించే సూర్యుడు. ఆ వెలుగులో జీపు మీది పసుపు దీపం కనబడటం లేదు. బోర్డు మీద గడి ఖాళీ. మైకు నొక్కబోయాను. పక్కనున్న సీనియర్ గారు ఏమీ అనలేదు. తన అరచేతిని నా చేతి మీద పెట్టి, గడ్డంతో రన్‌వే వైపు చూపించారు. జీపు బయటికి వచ్చింది. విమానం మామూలుగా దిగింది. ఆయన ఆ స్ట్రిప్‌ను ఫోను దగ్గర నుంచి తీసి నా చేతిలో పెట్టి, టీ తాగడానికి వెళ్లారు.

శిక్షణ కేంద్రంలో ఆ వ్యాయామాన్ని నేను ఎన్నిసార్లో చేశాను. ఒక్కసారి కూడా స్ట్రిప్ మరిచిపోలేదు. అక్కడి సిమ్యులేటర్‌లో ఫోను మోగేది కాదు. ఆ రోజు టవర్ లాగ్‌బుక్‌లో కూడా ఏమీ లేదు. ప్రమాదం జరగలేదు కాబట్టి రాయాల్సింది ఏమీ లేకపోయింది. నా తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న కుర్రవాడికి ఆ ఫోను సంగతి తెలిసే దారే లేదు.

అలా పక్కవాడికి చేరని సంగతి ఎంత ప్రమాదమో చూడండి. 1974 డిసెంబర్ 1న అమెరికాలో టీడబ్ల్యూఏ 514 విమానం వాషింగ్టన్ డల్లెస్ విమానాశ్రయానికి వస్తూ కొండను ఢీకొంది. 92 మంది మరణించారు. రన్‌వే వైపు దారి పట్టడానికి, అంటే అప్రోచ్‌కు అనుమతి ఇచ్చామని కంట్రోలర్ అన్న మాటను, ఇక కిందికి దిగవచ్చని సిబ్బంది అర్థం చేసుకున్నారు. విచారణలో తేలిన ఇంకో సంగతి మరీ బాధాకరం. కొద్ది వారాల ముందు మరో సంస్థ విమానం అదే చోట అదే పొరపాటు చేసి తృటిలో తప్పించుకుంది. ఆ సంస్థ తన పైలట్లకు మాత్రం హెచ్చరిక పంపింది. గోడ అవతలివాళ్లకు అది చేరలేదు. ఆ తర్వాత 1976లో నాసా నిర్వహణలో ఒక ఏర్పాటు మొదలైంది. పైలట్ గానీ కంట్రోలర్ గానీ తన పొరపాటును రాసి పంపవచ్చు. పేరు తీసేస్తారు. సంగతి అందరికీ చెబుతారు. యాభై ఏళ్లుగా సాగుతున్న ఆ ఏర్పాటే నా దృష్టిలో అన్నిటికన్నా గొప్ప సిమ్యులేటర్. దానికి తెర లేదు.

మన దేశంలో శిక్షణకు కట్టడాల కొరత లేదు. 1948 నుంచి ప్రయాగ్‌రాజ్‌లో పౌర విమానయాన శిక్షణ కళాశాల ఉంది. ఈ కుమ్హారి స్టేషన్‌లో నాగపూర్ వైపు బండెక్కితే దుర్గ్, రాజ్‌నందగావ్, డోంగర్‌గఢ్ దాటాక వచ్చే గోందియాలో మరో శిక్షణ సంస్థ ఉంది. హైదరాబాద్ బేగంపేట గురించి తెలుగువాడిగా నాకు ప్రత్యేకమైన మమకారం. 2008 మార్చిలో శంషాబాద్ తెరిచాక అక్కడి నుంచి ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. ఆ పాత విమానాశ్రయం ఆవరణలో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వాళ్ల శిక్షణ కేంద్రం మిగిలింది. 2024 మార్చి 5న అక్కడే 350 కోట్లకు పైగా ఖర్చుతో కట్టిన పౌర విమానయాన పరిశోధన కేంద్రాన్ని ప్రధాని ప్రారంభించారు. సిమ్యులేషన్, విజువలైజేషన్ ప్రయోగశాలలు దానిలో భాగం. ప్రయాణికులు లేని విమానాశ్రయంలో, లేని విమానాలతో, రేపటి కంట్రోలర్లకు ఏం నేర్పాలో తేల్చే చోటు అది కాగలదు. ఆ ప్రయోగశాలల్లో దృశ్యాలు రాసేవాళ్ల పక్కన రిటైరైన కంట్రోలర్లు కుర్చీలు వేసుకుని కూర్చోవాలి. ఎప్పుడు ఫోను మోగాలో వాళ్లు చెప్పాలి.

ఇక మన భిలాయి సంగతి. 2014 జూన్ 12న విషవాయువు లీకై, 2018 అక్టోబర్ 9న గ్యాస్ పైపులైన్ దగ్గర పేలుడు జరిగి ఉక్కు కర్మాగారంలో ప్రాణాలు పోయాయి. ఆ తేదీలను ఈ సభకు గుర్తుచేయాల్సిన పని లేదు. ఆ రెండింటి మీదా విచారణలు జరిగాయి, కాగితాలు మిగిలాయి. జరగకుండా తప్పిపోయినవాటికి కాగితం లేదు. మాస్టారు కొత్తవాళ్లను భయపెట్టడానికి చెప్పిన కథలు, లాడిల్ వంగబోయి ఆగిన రాత్రులు, అపార్థమైన సిగ్నల్స్, ఏవీ ఎక్కడా రాసి లేవు. ఆయనతో వెళ్లిపోయాయి. అడిగి రాసుకోవాలన్న ఆలోచన నాకూ రాలేదు. ఆ తప్పు నాదే.

మాస్టారి దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఈ హాలులో కనీసం ఇరవై మంది ఉన్నారు. వాళ్లకు ఒక విన్నపం. తలుపు దగ్గర బల్ల మీద రెండు వందల పేజీల నోటుపుస్తకం, పెన్ను పెట్టించాను. మీ షిఫ్టుల్లో తృటిలో తప్పిపోయిన ఒక్క సంగతి రాయండి. తెలుగులో గానీ, హిందీలో గానీ, ఛత్తీస్‌గఢీలో గానీ. పేరు వద్దు, షాపు పేరు వద్దు. ఏ సిగ్నల్ ఇచ్చారు, ఏది కనబడలేదు, ఎవరి చెయ్యి ఆపింది, అంతే చాలు. రాయడం రానివాళ్లు చెబితే రాయడానికి మాస్టారి మనవరాలు అక్కడే కూర్చుంటుంది.